గొంతులో గొట్టం తీసేదాకా

అక్టోబరు, ఇంటి నుంచి

ప్రియమైన తమ్ముడు గార్లండ్‌కి,

ఒరేయ్, పుట్టి బుద్ధెరిగాక నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఒకే గడప తొక్కుతూ బతికినవాళ్ళం, మనకి ఉత్తరాలతో ఏం పని? ఇప్పుడు ఫోన్ చేద్దామంటే నీ గొంతుకి కన్నం పెట్టి గొట్టం దింపారు. నేనొక్కదాన్నే వాగి పెట్టేయాలి. నా మాటకి ఎదురు చెప్పలేకపోతే నీకెంత కడుపుమంటో నాకు తెలుసు కాబట్టి ఈ కాగితం. చెయ్యి ఆడిన రోజున జవాబు రాయి.

మన పెద్ద పొగాకు బ్యారన్ కొట్టం కాలి నేలమట్టమైంది. రేకులు తప్ప ఏమీ మిగల్లేదు. ఎన్నిసార్లు చెప్పాడురా నాన్న! ఆకు వేలాడదీసిన కర్ర జారి కింది నిప్పుల మీద పడితే దాని మానాన దాన్ని వదిలేసి బయటికి పరిగెత్తమన్నాడా లేదా? ఒక్క కర్ర కోసం లోపలికి దూకుతావా? తలుపు తెరిచేసరికి గాలి తగిలి పైనున్న ఆకంతా ఒక్కసారే అంటుకుందని వర్జిల్ చెప్పాడు. నిన్ను కాళ్ళు పట్టి ఈడ్చింది అతనే. పక్క పొలంవాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ ఉత్తరం ఎవరికి రాసేదాన్ని?

ఇంకో సంగతి. మర్నాడు పొద్దున నీ ప్రాణమిత్రుడు రాయ్ వచ్చాడు. ఓదార్చడానికి వచ్చాడనుకున్నాను. బూడిదలోంచి ఒక నిప్పు ఏరి సిగరెట్ ముట్టించుకున్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు. వాణ్ణి పారతో తరిమాను.

చిన్న బ్యారన్‌లో ఆకు వేలాడుతూనే ఉంది. నేనూ వర్జిల్ కలిసి దానికి పొగ పెడుతున్నాం. చెక్కపేళ్ళ మీద తడిపిన రంపప్పొట్టు కప్పడం నీకంత బాగా నాకు రాదు. కళ్ళు మండుతున్నాయి.

ఆసుపత్రిలో నిన్ను చూసినప్పుడు చేతులు మంచానికి కట్టేసి ఉంచారు. మొదట నోట్లోంచి దింపిన గొట్టం మత్తులో నువ్వే పీకేసుకున్నావట, పొట్టులో పాములున్నాయని ఒకటే గింజుకున్నావట. ఎందుకలా చేశావని అడగను. కోలుకో. అమ్మ రోజూ నీ కంచం కూడా బల్ల మీద పెడుతోంది. తీయమని చెప్పే ధైర్యం నాకు లేదు.

నీ అక్క,
నెల్డా


నవంబరు, నాష్‌విల్ నుంచి

అక్కకి,

కోడిగీతలు క్షమించు. వేళ్ళ చర్మం కొత్తది, ఇంకా నాది కాదన్నట్టే ఉంది.

ఇక్కడ కొరెటా అని ఒకామె ఉంది. ఊపిరి చూసుకునే నర్సు. మనిషి లావు, మాట పదును, అచ్చం నువ్వే. రోజుకి పదిసార్లు నా గొట్టంలో ఇంకో సన్నగొట్టం పెట్టి లోపలి మసి లాగుతుంది. ప్రాణం పోయి వచ్చినట్టుంటుంది. నిన్న అడిగింది, "రోజుకెన్ని సిగరెట్లు కాల్చేవాడివయ్యా?" అని. రెండు వేళ్ళు చూపించాను. "రెండేనా?" అంది. కాదు, రెండు పెట్టెలు అని రాసి చూపించాను.

"మనిషి ఊపిరిగొట్టంలో దేవుడు చీపుళ్ళు పెట్టాడు. దుమ్మూ ధూళీ అవే ఊడ్చి పైకి తోస్తాయి. నీ చీపుళ్ళు ముప్పై ఏళ్ళ కిందటే అరగదీశావు. ఇప్పుడు లోపల బ్యారనంత మసి పడింది, ఊడ్చేవాళ్ళు లేరు. అందుకే నీకు నేను తగులుకున్నాను" అంది.

పక్క మంచంలో ఒక హోటల్ వంటవాడుండేవాడు. నాలాగే పొగ మింగాడు, నాకంటే ఎక్కువే కాలాడు. నా తర్వాత వచ్చి నాకంటే ముందు నడిచి ఇంటికెళ్ళాడు. వాడి జన్మలో సిగరెట్ ముట్టలేదట. నాకేమో ఊపిరితిత్తులకి రెండుసార్లు చీము పట్టింది.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. నిదానంగా చదువు. ఆ పాములు పిచ్చివల్ల వచ్చినవి కాదు. రోజూ తాగేవాడికి ఉన్నట్టుండి చుక్క దొరక్కపోతే మూడోనాటికి వణుకూ భ్రమలూ వస్తాయట. ముందే తెలిసుంటే మందిచ్చి ఆపేవాళ్ళట. తెలియక జ్వరం అనుకున్నారు. నేను గొట్టం పీకినప్పుడు లోపల గీసుకుపోయింది. అక్కడే ఇప్పుడు మచ్చకట్టి ఊపిరిగొట్టం సన్నబడుతోంది. గొంతులో కన్నం అందుకే.

చేర్చుకున్న రాత్రి, ఇతనికి తాగుడుందా అని నిన్ను అడిగారట. "మేం బాప్టిస్టులం" అన్నావట.

కొరెటాకి నిజం చెప్పేశాను. రాత్రిళ్ళు బ్యారన్ కాపలాలో రాయ్‌తో కలిసి సీసా ఖాళీ చేసేవాణ్ణని. కర్ర జారిన రాత్రి కూడా.

గార్లండ్


నవంబరు చివర, ఇంటి నుంచి

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి దొడ్లోకెళ్ళి కూర్చున్నాను. అమ్మ వచ్చి పిలిచేదాకా లేవలేదు.

ఏం చెప్పమంటావు? మన కౌంటీలో సారా అమ్మరు. బాప్టిస్టులం, ఎవరూ తాగరు. పక్క కౌంటీ సరిహద్దు దగ్గరున్న సారా దుకాణం ముందు మన చర్చి కార్లన్నీ ఎందుకుంటాయో అడగకూడదు, అంతే. ఆసుపత్రిలో ఆ కాగితాలు నింపే పిల్ల, మొహానికి పౌడరేసుకుని, కలం పట్టుకుని, "తాగుతాడా?" అని అడిగితే, పరాయి ఊళ్ళో, పరాయి మనుషుల మధ్య, మన పరువు నా నోటి చివరుంది. ఆ మాట దానంతటదే వచ్చింది. నీ ప్రాణం కూడా అక్కడే ఉందని నాకు తెలియలేదురా.

అయినా నువ్వు తాగకపోతే నేను అబద్ధం ఆడాల్సిన పని ఉండేదా? నేరమంతా నా నెత్తిన పెట్టకు. సగం మోస్తాను, మిగతా సగం నీది.

అమ్మకి ఈ సంగతేదీ చెప్పలేదు. కొత్త చర్మం దురదపెడుతోందని నువ్వు వర్జిల్‌కి రాశావట, అది మాత్రం విన్నది. విన్న మరుక్షణం పొయ్యి దగ్గరికెళ్ళింది. మలాము కాచి సీసాకెత్తింది. ఆవిడ మలాము సంగతి నీకు తెలిసిందే, మన చిన్నప్పటి దెబ్బలన్నీ దాంతోనే మానాయి. వర్జిల్ లారీ నగరానికొస్తోంది, దీంతో పాటు పంపుతున్నాను. చేతులకీ మెడకిందా బాగా పట్టించు.

నీ అక్క


ఫిబ్రవరి, నాష్‌విల్ నుంచి

ప్రియమైన అక్కా,

ఆసుపత్రి దగ్గర్లోనే చర్చివాళ్ళు నడిపే వసతి ఇంటికి మార్చారు. వారానికోసారి వెళ్ళి చూపించుకోవాలి. సాయంత్రాలు కిందగదిలో తాగుడు మానేవాళ్ళు కూర్చుంటారు. ఒక్కొక్కడూ లేచి తన కథ చెప్పాలి. నా నోరు పెగలదు కదా, పలక మీద రాస్తే పక్కనున్న బస్సు డ్రైవరు పైకి చదివాడు. నా పాపాలన్నీ ఇంకొకడి గొంతులో విన్నాను. వాడు మరీ కమ్మగా చదివాడు, నాకంటే వాడికే ఎక్కువ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు ముఖ్యమైన మాట. డాక్టర్ హాలరన్ అని ఒకావిడ ఉంది. మచ్చకట్టి సన్నబడ్డ ముక్క కోసేసి, పైదీ కిందదీ కలిపి కుడతానంది. నిలిస్తే గొట్టం తీసేస్తారు, మాట వస్తుంది. లేకపోతే చచ్చేదాకా మెడలో కన్నమే. జూన్ దాటేదాకా ఆగితే మచ్చ ముదిరిపోతుంది, అప్పుడు తనూ ఏమీ చేయలేనంది.

ఒక్క షరతు. పొగాకు ఏ రూపంలోనూ ఒంట్లో ఉండకూడదు. పీల్చడం, నమలడం, ముక్కుపొడి, ఏదీ. పొగాకు ఒంట్లో ఉంటే నెత్తురు సన్నటి నరాలకి చేరదట, కుట్టు పట్టదట. "మిగతా చోట్ల కుట్టు విడిపోతే మళ్ళీ వేస్తాం. అక్కడ విడిపోతే నిన్ను పాతిపెడతాం" అంది. అంత మొహమాటం లేని మనిషి. ఒంటేలు పరీక్ష చేసి, శుభ్రంగా ఉంటేనే కత్తి పడుతుందట.

నేను మానేశాను. మంటలు అంటుకున్న రాత్రి నుంచి ఒక్కటి ముట్టలేదు. పరీక్షకి భయం లేదు.

అమ్మ మలాము అద్భుతం. పూసుకుంటే దురద తగ్గి, ఒళ్ళు తేలికపడి, నిద్రపడుతోంది. నువ్వు పంపిన సీసా అడుగంటింది. ఇంకో రెండు పంపమను.

నీ తమ్ముడు
గార్లండ్


మార్చి, ఇంటి నుంచి

ప్రియమైన తమ్ముడికి,

సీసాలు రెండు కాదు, మూడు పంపుతున్నాను. మూతలు నేనే బిగించాను. నీకు మలాము నచ్చిందంటే అమ్మ మొహం చూడాలి! చర్చిలో పాస్టరు గారికి కూడా చెప్పింది.

ఆకు వలిచి కట్టలు కట్టి అమ్మేశాం. చలికాలమంతా ఆ వలుపు గదిలోనే ఉన్నాను. నా జుట్టూ నా రొట్టే అదే కంపు.

పరీక్ష ఫలితం రాగానే రాయి. గొట్టం తీసేదాకా నాకు అన్నం సయించేలా లేదు.

అక్క


ఏప్రిల్, నాష్‌విల్ నుంచి

అక్కా,

పరీక్షలో పొగాకు కనబడింది.

కొద్దో గొప్పో కాదట, వాడుతున్నవాడికి ఉన్నంత ఉందట. హాలరన్ రెండోసారి చేయించింది. మళ్ళీ అదే. ఆపరేషన్ రద్దు చేసింది. "నాకు అబద్ధాలాడేవాళ్ళ మీద కోపం లేదు, వాళ్ళకి కుట్లు వేయను, అంతే" అని గదిలోంచి వెళ్ళిపోయింది. కొరెటా నా మొహం చూడలేదు.

అక్కా, నేను ముట్టలేదు. నాన్న సమాధి మీద ఒట్టు. సిగరెట్ లేదు, నమలడం లేదు. ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. నువ్వొక్కదానివి నమ్మితే చాలు, మిగతావాళ్ళ సంగతి తర్వాత చూసుకుంటాను.

గార్లండ్


ఏప్రిల్, ఇంటి నుంచి

గార్లండ్,

నిప్పు లేనిదే పొగ రాదు.

మనం పొగాకు మీద బతికాం కాబట్టి ఈ మాట ఇంకెవరన్నా నవ్వేదాన్ని. నువ్వు చర్చి వెనక దాక్కుని కాల్చిన మొదటి సిగరెట్ నాకు తెలుసు. మానేశానని అమ్మ చేతిలో చెయ్యేసిన ప్రతిసారీ నేను పక్కనే ఉన్నాను. నాన్న పోయినప్పుడు మానేశావు. పెళ్ళికి మానేశావు. పెళ్ళాం వెళ్ళిపోయినప్పుడూ మానేశావు. ఒట్లు వేసీ వేసీ నాన్న సమాధి అరిగిపోయింది.

ఇన్నాళ్ళూ నోటితో అబద్ధం చెప్పేవాడివి. ఇప్పుడు నోరు లేకపోతే చేత్తో మొదలుపెట్టావు. నీకోసం ఇక్కడ ఆడదాన్నై ఉండి నిప్పుల మీద పొట్టు కప్పాను. ఆ రాత్రి నేనన్న ఒక్క మాటకి ఇప్పటికీ నిద్రపట్టదు నాకు. నువ్వేమో ఆ ఇంటి వెనక నిలబడి దమ్ము లాగుతున్నావు.

గొట్టం మెడలో ఉంచుకుని ఎలా కాలుస్తున్నావురా? కన్నంలో పెట్టుకునా?

నెల్డా


ఏప్రిల్, నాష్‌విల్ నుంచి

నెల్డాకి,

వచ్చే వారం వర్జిల్ లారీలో ఇంటికొస్తున్నాను. గొట్టంతోనే. అబద్ధాలకోరు ఎక్కడుంటే ఏమిటి? అక్కడైతే కనీసం వసతి ఖర్చు మిగులుతుంది.

రాయ్‌కి కబురు చెయ్యి, ఒక సీసా పట్టుకుని రమ్మను.

గార్లండ్


ఏప్రిల్, ఇంటి నుంచి

తమ్ముడూ, బయల్దేరకు.

ఈ ఉత్తరం వర్జిల్ చేతికిచ్చి, నువ్వు లారీ ఎక్కకముందే నీ చేతిలో పెట్టమన్నాను. పెట్టకపోతే వాడి లారీ టైర్లు కోస్తానన్నాను. నిలబడి చదువు.

నువ్వొస్తున్నావని అమ్మ నిన్న కొత్తగా మలాము కాచడానికి కూర్చుంది. చలికాలమంతా నేను వలుపు గదిలో ఉండి ఆవిడ ఏం కాస్తోందో ఒక్కనాడూ చూడలేదు. నిన్న పక్కనే కూర్చున్నాను. పందికొవ్వు కరిగించింది. కర్పూరం వేసింది. తర్వాత చిన్న బ్యారన్ ఆకుల్లో నల్లటివి, బాగా పొగ తాగినవి, గుప్పెడు తీసి నలిపి అందులో పోసింది.

"ఏమిటే అమ్మా అది?" అన్నాను.

"ఏమిటేమిటి? ఆకు!" అంది. "అది లేకపోతే మలామెట్టా అవుద్దే? కందిరీగ కుడితే మీ నాన్నకేం పెట్టాం? నీ మోకాలు చీరుకుంటే ఏం పెట్టాం? వాడికని ఏరి ఏరి మంచి ఆకే ఏశాను. కొట్టుకాడి సరుకు కాదు."

"పొగాకు ముట్టకూడదన్నారు కదే వాడిని!"

"ముట్టకూడదంటే కాల్చకూడదని గదా! పూసుకుంటే ఏమైద్ది?"

ఒరేయ్ గార్లండ్, ఆ గిన్నె ఎత్తి పెరట్లో పారబోశాను. అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కంచే చేను మేసిందిరా. మీ డాక్టరమ్మ ఆఫీసుకి ఫోన్ చేశాను, ఎత్తిన పిల్లకి నేను చెప్పేది అర్థమయ్యేసరికి నా గొంతు పోయింది. చర్మంలోంచి కూడా దిగుతుందట. దురద తగ్గి నిద్రపట్టడం మలాము మహిమ కాదు, ఆకు మహిమ.

అయినా ఒక్కటి నాకు మింగుడుపడటం లేదు. నా ముక్కు సరే, ఈ ఇంట్లో పుట్టిన ముక్కు, ఆ వాసన గాలి కింద లెక్క. నీది అలా కాదే. చీకట్లో ఆకు పట్టుకుని ఏ పొలందో చెప్పేవాడివి. మూత తీయగానే నీకు తెలియలేదా? తెలిసే పూసుకున్నావా?

నిజం రాయి.

అక్క


మే, నాష్‌విల్ నుంచి

ప్రియమైన అక్కా,

లారీ ఎక్కలేదు. వర్జిల్ తన టైర్ల వైపు చూసుకుంటూ ఇచ్చాడు ఉత్తరం.

మిగిలున్న సీసా పట్టుకుని ఆసుపత్రికెళ్ళాను. కొరెటా మూత తీసి వెనక్కి దూకింది. "ఇదేం మందయ్యా, చుట్టల కొట్టంత కంపు!" అంది. హాలరన్ కూడా వాసన చూసింది. మూత తనే బిగించింది. తర్వాత నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఏ మందులు పూసుకుంటున్నావని అడగాల్సింది నేను. అడగలేదు" అంది.

నువ్వడిగిందే ఆవిడా అడిగింది, నీకు వాసన తెలియలేదా అని. కొరెటా నా బదులు చెప్పింది. వాసన తెలియాలంటే ఊపిరి ముక్కులోంచి పోవాలి. నాది మెడలోంచి పోతోంది. మంటలు లేచిన రాత్రి తర్వాత నేను ఏ వాసనా ఎరగను అక్కా. కాఫీ లేదు, సబ్బు లేదు, వాన లేదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి సిగ్గేసింది, ముక్కు అమ్ముకుని బతికినవాణ్ణి కదా.

సబ్బుతో ఒళ్ళంతా తోమించారు. కొన్నాళ్ళాగి మళ్ళీ పరీక్ష చేశారు. ఏమీ లేదు. మంగళవారం ఆపరేషన్.

అమ్మని తిట్టకు. మంచి ఆకే ఏరి వేసింది కదా.

ఇప్పుడైనా నమ్ముతావా నన్ను?

నీ తమ్ముడు


మే, ఇంటి నుంచి

ప్రియమైన తమ్ముడికి,

నారు నాటే రోజులు, కూలీలు పొలంలో ఉన్నారు, అమ్మకి మోకాలు పట్టేసింది. మంగళవారం రాలేను. ఆ మరుసటి వారం ఆదివారం వస్తాను. ఈ ఏడు చిన్న బ్యారన్‌కి సరిపడానే నాటుతున్నాం. పొగ పెట్టే పని వర్జిల్ తన పొలంలో చేస్తాడు. మన వాకిట్లో ఇక పొగ ఉండదు. ఒద్దన్నా వినను.

నమ్ముతావా అంటావు. కుట్టు నిలవనీ, తర్వాత చూద్దాం. ఇన్నేళ్ళ అలవాటురా, ఒక్క పరీక్షతో పోతుందా? తాగుడు కూడా ఉంది కదా, అది నాలుగు రోజులాగితే ఏ ఒంటేలులోనూ కనబడదు. నా నోటితో ఆ మాట అనిపించాలని చూడకు, నాకు రాదు.

ధైర్యంగా ఉండు. నేను లేననుకోకు.

అక్క


మే, నాష్‌విల్ నుంచి

ప్రియమైన అక్కా,

నిన్న సాయంత్రం ఫోన్ చేసిన తాగుబోతు రాయ్ కాదు. నేను.

కుట్టు నిలిచింది. తల పైకెత్తితే అది తెగుతుందని గడ్డాన్ని ఛాతీకి కలిపి దారంతో కుట్టారు. వారం రోజులు నా కాళ్ళు చూసుకుంటూ బతికాను. నిన్న ఆ దారం కోసేశారు. మెడ కన్నం మూసి కట్టు కట్టారు. "ఒక్క మనిషితో, ఒకటి రెండు మాటలు. అంతకు మించి వద్దు" అంది హాలరన్. ఎవరితో అని కొరెటా అడగనైనా లేదు, మన ఇంటి నంబరు తిప్పి నా చెవికి ఆనించింది.

నువ్వెత్తావు. "నెల్డా" అన్నాను. నా చెవులకే అది నా గొంతులా లేదు, గులకరాళ్ళ మీద బండి వెళ్ళినట్టుంది. మళ్ళీ "నెల్డా" అందామనుకునే లోపల నువ్వు అందుకున్నావు.

"ఎవడ్రా? రాయ్‌వా? మళ్ళీ తాగి చేశావా? సిగ్గులేదా నీకు? గార్లండ్ ఇక్కడ లేడు. ఉన్నా నీతో రాడు. మా తమ్ముడు మానేశాడు, వినపడుతోందా? అన్నీ మానేశాడు. వాడు మానేశానన్నాడంటే మానేసినట్టే. ఎవరడిగినా చెప్తా, చర్చిలో నిలబడి చెప్తా. ఇంకోసారి ఈ ఇంటికి ఫోన్ చేశావంటే కాళ్ళిరగ్గొడతా!"

ఠపీమని పెట్టేశావు.

"ఏమన్నారు?" అంది కొరెటా. చెప్పలేకపోయాను. గొంతు నొప్పెడుతోందనుకుని పరిగెత్తి నీళ్ళు తెచ్చింది. నేను మళ్ళీ చేయమని అడగలేదు. నేనని తెలిస్తే నీ నోరు మళ్ళీ మామూలైపోతుందని భయం. రాత్రంతా ఆ తిట్లే వింటూ పడుకున్నాను. ఇన్ని నెలలకి ముక్కుతో ఊపిరి పీల్చి పడుకున్నాను అక్కా.

ఆదివారం నీ కోసం గుమ్మం వైపే చూస్తుంటాను. పరాయివాడికి చెప్పిన ఆ మాట, వచ్చి నాక్కూడా చెప్పు.

నీ తమ్ముడు
గార్లండ్